తడి ముడి

మార్చి 3

నీడ కాపరులందరూ రోజూ దినచర్య రాయాలని నగరసభ ఉత్తర్వు పంపింది. పందిరి పరిచామా, ఏ తడిక ఆరిపోయింది, సాయంత్రానికి కుండల్లో నీళ్ళు ఎంత మిగిలాయి. అడిగింది ఇంతే. నా పేరు నాంచారమ్మ, నాది బందరులో గొడుగుల వీధి. నీళ్ళ సంగతి నాలుగు ముక్కల్లో తేలిపోతుంది. మిగిలిన జాగా ఖాళీగా వదిలెయ్యడానికి నాకు చేతులు రావు కనుక వీధి సంగతులు కూడా రాస్తాను. చదివే అధికారికి విసుగు పుడితే ఆవులించవచ్చు, నేనేమీ అనుకోను.

పొద్దున్నే, తడికల మీదికి నీళ్ళు వదిలే చుక్కల గొట్టాల్లో పట్టిన ఉప్పును సూదితో పొడిచి తీశాను. వీధికి ఈ కొస నుంచి ఆ కొసకు వట్టివేళ్ళ తడికలు లాగి, తాళ్ళు బిగించాను. సుభానీ సామాన్ల కొట్టు ఎదుట ఒకటి చిరిగితే కుట్టాను. ఎండ ముదిరేసరికి వీధంతా తడిసిన వట్టివేళ్ళ వాసన. ఈ ఉద్యోగంలో జీతం కంటే నాకు ఆ వాసనే ఇష్టం.

మా చెల్లెలు మంగతాయారు సంచీ తగిలించుకుని బయల్దేరింది. మందుల షాపు నుంచి ఇళ్ళకు మందులు చేరవెయ్యడం దాని పని. ఎండజ్వరం వచ్చి బతికి బయటపడ్డవాళ్ళలో కొంతమందికి మళ్ళీ చెమట పట్టదు. తాయారుదీ అదే పరిస్థితి. ఒంట్లో వేడి బయటికి పోయే దారి మూసుకుపోయింది. మొదట్లో అలాంటివాళ్ళను చల్లటి గదుల్లో పెట్టి తలుపులు వేశారు. వరసగా కొన్ని వేసవులు మా తాయారు కిటికీ ఊచలు పట్టుకుని బతికింది.

ఆ తలుపు తీయించింది ముడి. పసుపులో తడిపి ఆరబెట్టిన దళసరి నూలు గుడ్డను ఎడమ భుజం మీద ముడి వేసుకుంటారు. అది కనబడితే, దారినపోయేవాళ్ళు ఎవరైనా సరే, తమ సీసాలోంచి కాసిని నీళ్ళు దాని మీద పోసి, "చల్లగా" అని వెళ్ళిపోవాలి. నూలు గుడ్డ నీళ్ళు పట్టి ఉంచి మెల్లగా వీపు మీదికి, రొమ్ము మీదికి వదులుతుంది. కట్టుకున్నవాళ్ళు అడగరు, దండం పెట్టరు, మారు మాట్లాడరు. వేడి తలకెక్కితే మనిషికి ముందు పోయేది మాట. దాహం అని కూడా చెప్పలేరు. అందుకే ఇది అడగక్కర్లేని గుర్తు.

ఈ పద్ధతి ఎవరు మొదలుపెట్టారో తెలియదు. ఊరే మొదలుపెట్టింది అనుకోవాలి. తాయారు వీధి దాటేలోపు పేరు కూడా తెలియని మనుషులు దాని భుజం తడుపుతారు. నేను నిచ్చెన మీద నుంచి రోజూ అది చూస్తాను. చూసి నా పనిలో పడతాను.

కుండల్లో నీళ్ళు: సగం పైన మిగిలాయి.

మార్చి 11

వీధి చివరింట్లో ఉండే జెమీమా గురించి రాయాలి. వీడియోలు చేసే అమ్మాయి. కంటికి పెట్టుకున్న అద్దంలోనే కెమెరా ఉంటుంది, తను చూసిందంతా లోకం చూస్తుంది. నిద్ర లేవగానే లాగోస్‌లో ఏం కట్టారు, సియోల్‌లో ఏం తొడిగారు, లీమా వీధుల్లో ఏం నడుస్తోంది అని చూసుకుంటుంది. వీధి మూలన ఉన్న బట్టల పెట్టెకు చెబుతుంది. టీ తాగి గ్లాసు కింద పెట్టేలోపు పెట్టె ఆ బట్ట కుట్టి ఇస్తుంది. పగలంతా అది వేసుకుని తిరిగి, పొద్దు వాలాక మళ్ళీ పెట్టె నోట్లో పడేస్తుంది. పెట్టె దాన్ని నమిలి గుజ్జు చేసి రేపటి బట్ట కుడుతుంది. ఒక్క జెమీమానే కాదు, ఊళ్ళో కుర్రకారంతా అంతే. ఒక బట్ట రెండోసారి కట్టుకున్న పిల్లను నేను చూసి చాలాకాలమైంది.

ఇవాళ జెమీమా తాయారును ఆపింది.

"పిన్నీ, నీ ముడి మీద నీళ్ళు పోసేటప్పుడు వీడియో తీసుకోనా? నీకిష్టం లేకపోతే వద్దులే."

"ఇందులో ఏవుందే తీసుకోడానికి? పాత గుడ్డ."

"అదే పిన్నీ. ఇన్నాళ్ళ పాత గుడ్డ ఎవరి దగ్గరా లేదు. పైగా నీళ్ళు పోసినోళ్ళు ఆగకుండా పోతారు చూడు, అది భలే ఉంటది."

తాయారు సుభానీ కొట్టు అద్దంలో తల సరిచేసుకుంది. నేను చూస్తుండగా రెండుసార్లు సరిచేసుకుంది. సుభానీ చెంబుతో నీళ్ళు పోసి "చల్లగా చెల్లెమ్మా" అన్నాడు. అంతే, వీడియో అయిపోయింది. జెమీమా మర్యాద తెలిసిన పిల్ల. తీసింది తాయారుకు చూపించి, సరేనన్నాకే వదిలింది.

మార్చి 24

మా చెల్లెలి భుజం ప్రపంచమంతా తిరుగుతోంది. ఇది నేను ఎకసెక్కానికి అంటున్న మాట కాదు. జెమీమా తెర తెచ్చి చూపించింది. లాగోస్‌లో బస్టాండు దగ్గర కుర్రాళ్ళు వరసగా నిలబడి పసుపు ముడులు కట్టుకున్నారు. సియోల్‌లో ఒకమ్మాయి నల్లకోటు మీద కట్టింది. పేరు తెలియని ఏదో ఊళ్ళో మంచు కురుస్తుంటే ఒకతె ముడి మీద స్నేహితురాలు నీళ్ళు పోసింది. ఇద్దరూ వణికిపోతూ నవ్వుతున్నారు. అందరూ "చల్లగా" అంటున్నారు. కొందరి నోట అది చల్గా, కొందరి నోట చాలాగా.

"జలుబు చేసి చస్తారు" అన్నాను.

తాయారుకు కోపం వచ్చింది. "నీకు దేంట్లోనైనా పుల్ల పెట్టందే తోచదక్కా. ఇన్నేళ్ళూ నన్ను చూసి అయ్యో అన్నోళ్ళే గానీ, బాగుందే అన్నోళ్ళు ఒక్కరన్నా ఉన్నారా? నాకు రోగవొచ్చి కట్టుకున్నా. వాళ్ళు కావాలని కట్టుకుంటన్నారు. నాలాగుండాలని కట్టుకుంటన్నారు."

కిటికీ ఊచల వెనక దాని మొహం నాకు గుర్తుంది. ఇవాళ్టి మొహం వేరు. అన్నం తింటున్నంతసేపూ తెర పక్కనే పెట్టుకుంది, నేను వద్దనలేదు.

ఏప్రిల్ 9

ఎండలు ముదిరాయి. పడమటి వైపు రెండు తడికలు మధ్యాహ్నానికే ఎండి పెళుసెక్కాయి, మార్చాను.

వీధినిండా ముడులే. మన ఊరి కుర్రకారు సరే, ముడి పుట్టిన వీధిలో వీడియో తీసుకోవాలని మనీలా నుంచి, అక్రా నుంచి కూడా వస్తున్నారు. చెడ్డవాళ్ళు కాదు. చెప్పులు విప్పి మన అరుగుల మీద కూర్చుంటారు, పెట్టింది తింటారు, కారానికి కళ్ళు తుడుచుకుంటారు. కట్టుకున్నది మాత్రం బట్టల పెట్టె ఇచ్చిన ముడి. దానికి నీళ్ళు పట్టే గుణం లేదు. పోసింది పోసినట్టు జారి నేలపాలు. అది జారిందని మళ్ళీ ఇంకొకరి దగ్గరికెళ్ళి భుజం చూపిస్తారు. మళ్ళీ వీడియో.

మన జనం మంచితనం సంగతి చెప్పాలా, ముడి కనబడితే చాలు చెయ్యి సీసా మీదికి పోతుంది. కొట్లవాళ్ళ వంతు నీళ్ళు, వీధి కుండల నీళ్ళు మిట్టమధ్యాహ్నానికే అడుగంటుతున్నాయి. ఇవాళ బుల్లియ్య గారు పడిపోయారు. పాత లారీ డ్రైవరు, తాయారులాగే చెమట లేని మనిషి. ఆయన మీద పొయ్యడానికి ఎవరి దగ్గరా చుక్క లేకపోయింది. సుభానీ పరుగెత్తి మసీదు కుళాయి నుంచి తెచ్చి పోశాడు గనుక లేచి కూర్చున్నారు.

"ఎంతమంది భుజాలని తడుపుతారులేమ్మా" అన్నారాయన. ఆ మాటలో నిష్ఠూరం లేదు. అందుకే నాకు భయం వేసింది.

కుండల్లో నీళ్ళు: మిగల్లేదు.

ఏప్రిల్ 14

సుభానీ కొట్లో కూర్చుని మాట్లాడుకున్నాం. నేను, తాయారు, బుల్లియ్య గారు, ఇంకా చుట్టుపక్కల కొట్లవాళ్ళు.

సుభానీ అన్నాడు: "గుర్తు మార్చేద్దాం అక్కా. ముడి ఇప్పేసి మోచేతికి నల్లదారం కట్టుకోండి. మన వీధోళ్ళకే చెప్పుకుందాం. వీడియోలోళ్ళకి తెలియకూడదు."

"నేను మీ వీధిలోనే తిరుగుతన్నానా?" అంది తాయారు. "ఆసుపత్రి రోడ్డెక్కితే నీ నల్లదారం ఎవరికి తెలుస్తది సుభానీ? నన్ను బతికిస్తంది తెలిసినోళ్ళు కాదు, తెలియనోళ్ళు."

దాని మాటా నిజమే. అందరికీ తెలిసిన గుర్తయితే అందరూ కట్టుకుంటారు. ఎవరికీ తెలియని గుర్తు కట్టుకుని లాభం లేదు. సుభానీ టీ పోశాడు.

అప్పుడు నాకు తట్టింది. "మెడ చూడండి" అన్నాను. "చెమట పట్టనోళ్ళకే గదా ముడి? మెడ మీద చెమటుంటే ఆ ముడి ఉత్తదే. నీళ్ళు పొయ్యొద్దు. మెడ పొడిగా ఉంటేనే పొయ్యండి."

అందరి మొహాలూ విచ్చుకున్నాయి. ఇంత చిన్న సంగతి ఇన్నాళ్ళూ ఎందుకు తట్టలేదని సుభానీ తల కొట్టుకున్నాడు. జెమీమాకు చెబితే ఆ సాయంత్రమే వీడియో చేసి వదిలింది: ముందు మెడ చూడండి, తర్వాత పొయ్యండి అని. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఇంటికొచ్చి చేపల పులుసు పెట్టాను.

ఏప్రిల్ 30

నీళ్ళు మిగులుతున్నాయి. బుల్లియ్య గారు మళ్ళీ బజారుకొస్తున్నారు. మెడ పరీక్ష తెలిశాక కొందరు వీడియోలవాళ్ళు మెడకు పౌడరు దట్టించి వచ్చారు. సుభానీ వేలు పెట్టి చూసి, "నీకు చెమటుందమ్మా, దేవుడు నిన్ను చల్లగా చూశాడు, ఇంటికెళ్ళి స్నానం చెయ్యి" అని పంపించాడు. వీధంతా నవ్వింది. నేనూ నవ్వాను.

తాయారు మాత్రం నవ్వలేదు.

"ఇదివరకు నా మొహం కూడా చూడకుండా పోసేవోళ్ళు. ఇప్పుడు దగ్గరకొచ్చి మెడ చూస్తన్నారక్కా, సంతలో గేదెని చూసినట్టు. చూశాకే పోస్తన్నారు. కొంతమంది 'చల్లగా' అనడం కూడా మర్చిపోతన్నారు."

"పోస్తున్నారు కదే. అది చాలదూ?"

"చాలుద్దిలే" అని సంచీ సర్దుకుంది. దానికి చాలదని నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను. నీళ్ళు మిగలడం నాకు ముఖ్యమనిపించింది.

మే 17

సముద్రపు గాలి. తడికలు ఆరలేదు.

మే 18

నేను పరచలేదు. పక్కవీధి కాపరి వచ్చి పరిచాడట.

మే 23

జరిగింది జరిగినట్టు రాయాలి. లేకపోతే రేపు ఎవరికి తోచినట్టు వాళ్ళు చెబుతారు.

పదిహేడో తేదీన పడమటి గాలి ఆగిపోయి సముద్రం వైపు నుంచి ఉక్క కమ్ముకుంది. అలాంటి రోజున ఒంటి మీద పడ్డ నీళ్ళు ఆరవు. ఆరని నీళ్ళు చలవ చెయ్యవు. కాసేపటికి ఒంటి వేడి వాటికే ఎక్కి, అలా చుక్కలు చుక్కలుగా నిలిచిపోతాయి. పైన తడికల విషయంలో నాకు ఇది బాగా తెలుసు. ఉక్క రోజున కొత్త నీళ్ళు వెంటవెంటనే వదలాలని కుర్ర కాపరులకు నేర్పిందే నేను.

తాయారు ఆసుపత్రి రోడ్డులో మందులు ఇచ్చి, తన సీసా అక్కడే ఖాళీ చేసుకుని మన వీధిలోకి వచ్చింది. వీధి మొదట్లో మనీలా నుంచి వచ్చిన ఒకావిడ నిలబడి ఉంది. ఆవిడకు మన మెడ పరీక్ష తెలియదు. ముడి చూసింది, ముచ్చటపడింది, తన సీసా మొత్తం తాయారు నెత్తిన కుమ్మరించి, వచ్చీరాని మాటతో "చల్లగా" అంది. మంచి మనసుతోనే చేసింది. తాయారు నవ్విందట.

అక్కడి నుంచి మా చెల్లెలు నడుచుకుంటూ వచ్చింది. మొహం నిండా, మెడ నిండా నీటిచుక్కలు. కొట్ల ముందున్న వాళ్ళందరూ నేను చెప్పినట్టే చేశారు. మెడ చూశారు. తడి కనబడింది. చెమట అనుకున్నారు. సీసా మూతలు తియ్యలేదు. పరాయివాళ్ళు సరే, తెలిసినవాళ్ళ సంగతేమిటంటే, ఆ పూట వీధిలో అంత పసుపు ఉంది. ఆ గుంపులో ఎవరూ మొహం దాకా చూడలేదు, మెడ దగ్గరే ఆగిపోయారు.

సుభానీ కొట్టు దగ్గర అది ఆగింది. నోరు తెరిచింది, మాట రాలేదు. సుభానీ బేరంలో ఉన్నాడు. తల తిప్పి మెడ చూసి, మళ్ళీ బేరంలో పడ్డాడు. తర్వాత పడిన చప్పుడు విన్నాడు.

నేను వీధి ఆ కొసన నిచ్చెన మీద గొట్టం పొడుస్తున్నాను. కేకలు వినబడి దిగి వచ్చేసరికి సుభానీ కుండలోకి కుండ దాని మీద గుమ్మరిస్తున్నాడు. ఒళ్ళు పెనంలా కాలుతోంది. ఆసుపత్రిలో మంచుగడ్డల్లో పడుకోబెట్టారు. పొద్దు వాలేలోపు అయిపోయింది.

చెమట చూసి పొయ్యమన్నది నేను. ఉక్కలో నీళ్ళు ఆరవని తెలిసినదాన్ని కూడా నేనే. రెండూ ఒకే బుర్రలో ఉండి ఒకదాన్నొకటి పలకరించుకోలేదు.

మే 29

జెమీమా వచ్చింది. కంటికి అద్దం లేదు. గుమ్మం బయటే నిలబడింది.

"పెద్దమ్మా, లోపలికి రానా?"

"రా."

చాపమీద కూర్చుని చాలాసేపు ఏడ్చింది. నాకు ఆ పిల్లను ఓదార్చాలనిపించలేదు. తిట్టాలని కూడా అనిపించలేదు. తాయారు సంచీ మేకుకు వేలాడుతుంటే అటే చూస్తూ కూర్చున్నాను.

"అందరికీ చెప్తాను పెద్దమ్మా. ముడి ఇప్పెయ్యమని వీడియో చేస్తా. పిన్ని ఫొటో పెట్టి, నా మూలానే పోయిందని చెప్తా."

"పెడితే ఏవవుద్ది?"

"అందరూ చూస్తారు."

"చూసి, దాని ఫొటో కూడా చొక్కాల మీద వేసుకుంటారు. వద్దు."

తల దించుకుంది. నేనే అన్నాను: "నువ్వు తీసిన నాడు అది ఎంత సంతోషపడిందో నాకు తెలుసు. అది కాదనను. ముడిని నువ్వు లోకానికిచ్చావు. మెడ చూడమని నేను చెప్పాను. ఎవరిదెంతని తూకం వేసుకునే ఓపిక నాకు లేదు. టీ తాగుతావా?"

తాగింది. వెళ్తూ వెళ్తూ తాయారు గుడ్డ ఒకసారి ముట్టుకోనా అని అడిగింది. ముట్టుకోనిచ్చాను. ఇంకా తడిగానే ఉందంది. నేనే రోజూ తడిపి పెడుతున్నానని చెప్పలేదు.

జూన్ 8

ఇంకా వాన జాడ లేదు. పందిరి పని మళ్ళీ మొదలుపెట్టాను.

లోకం ముడిని వదిలేసింది. తాయారు కోసం కాదు, దాని సంగతి వాళ్ళకు తెలియదు. ఇప్పుడు ఒక కాలికి చెప్పు, ఒక కాలికి బూటు. ముందు లీమాలో మొదలైందట, లాగోస్ అందుకుందట. వారం తిరక్కుండా మన వీధిలోనూ అందరూ కుంటుతూ నడుస్తున్నారు. బట్టల పెట్టె ముందు పసుపు ముడులు కుప్ప పడ్డాయి. పెట్టె వాటిని నమిలి నమిలి అలసి ఆగిపోయింది. బాగుచేసేవాడు వచ్చి దాని నోట్లోంచి పసుపు ముద్దలు లాగాడు.

నేను అనుకున్నాను, పీడ వదిలింది, ఇక ముడి కట్టుకున్నవాళ్ళు మావాళ్ళే, మళ్ళీ పాతరోజులొస్తాయని. రాలేదు. ముడి కనబడితే జనం చెయ్యి సీసా మీదికి వెళ్ళడం లేదు. కళ్ళు మెడ మీదికి వెళ్తున్నాయి. చూసి, అనుమానించి, ఎందుకొచ్చిన గొడవని తప్పుకుంటున్నారు. నేర్పింది నేను, నేర్చుకున్నది ఊరు. అంత తొందరగా మరిచిపోమంటే ఎలా మరిచిపోతుంది?

బుల్లియ్య గారు కనబడక ఇంటికెళ్ళాను. మంచం మీద కూర్చుని ఉన్నారు, కిటికీ వైపు తిరిగి.

"బజారుకు రావట్లేదేంటి?"

"ముడి కట్టుకుంటే కుర్రాళ్ళు నవ్వుతన్నారమ్మా. తాత ఇంకా ఆ పాత ఫ్యాషన్‌లోనే ఉన్నాడంటన్నారు. కట్టుకోకపోతే చస్తాను. అందుకని ఇంట్లోనే ఉంటన్నా."

ఆయన చెయ్యి కిటికీ ఊచ మీద ఉంది. నేను ఎక్కువసేపు కూర్చోలేకపోయాను.

జూన్ 9

ఇవాళ పందిరి పరిచి, గొట్టాలు వదిలి, ఇంటికొచ్చి తాయారు గుడ్డ తీసి నా ఎడమ భుజం మీద ముడి వేసుకున్నాను.

నాకు చెమట లేకపోవడమేమిటి, నాలుగు మెట్లు ఎక్కితే జాకెట్టు పిండుకోవాలి. మిట్టమధ్యాహ్నం వీధి మొదట్లో నిలబడేసరికే మెడ మీద చెమట ధారలు కడుతోంది. నడిచాను. అందరికీ నేను తెలుసు. నాకు ఏ రోగమూ లేదని తెలుసు. మెడ చూడమన్న మనిషిని నేనేనని కూడా తెలుసు. పళ్ళకొట్టు ఆవిడ సీసా పట్టుకుని నా మెడ చూసి, సీసా దించేసి, నేల చూపులు చూసింది. ఇంకొకాయన "ఏంటి నాంచారమ్మా ఇది" అన్నాడు. ముడి కట్టుకున్నవాళ్ళు మారు మాట్లాడరు. నేనూ మాట్లాడలేదు.

నాకు ఏడుపొచ్చింది. మా చెల్లెలు ఇదే దారిన ఇలాగే నడిచింది. ఇంతమంది ఇలాగే చూశారు. భుజం మీద గుడ్డ అప్పటికే ఆరిపోయి బరకగా గుచ్చుకుంటోంది. ఇలా గుచ్చుకుంటుందని అది నాకు ఎప్పుడూ చెప్పలేదు.

సుభానీ కొట్టు దగ్గర ఆగాను. ఆ రోజు నుంచి సుభానీ నాతో మాట్లాడలేదు, నేనూ మాట్లాడించలేదు. అతను కొట్లోంచి నన్ను చూశాడు. లేచాడు. కుండ మూత తీసి చెంబు ముంచుకుని మెట్లు దిగాడు.

అతను నా మెడ చూడలేదు. నా కళ్ళలోకి చూశాడు. చెంబెడు నీళ్ళు ముడి మీద పోశాడు. పోస్తూ పోస్తూ, "చల్లగా అక్కా" అన్నాడు.

గుడ్డ నీళ్ళు పట్టింది. వీపు మీదికి మెల్లగా దిగాయి. ఇన్నేళ్ళూ పందిరి కట్టానే గానీ, ఆ చల్లదనం ఎలా ఉంటుందో నాకు ఇవాళే తెలిసింది. ఆ తర్వాత పళ్ళకొట్టు ఆవిడ సీసా తీసుకుని వెనకాలే పరుగెత్తుకుని వచ్చింది.

జూన్ 16

సుభానీ ముడి కట్టుకున్నాడు. పళ్ళకొట్టు ఆవిడ కట్టుకుంది. కొట్లవాళ్ళు ఒకరిని చూసి ఒకరు కట్టుకున్నారు. పెట్టె ఇచ్చినది కాదు, పాత దుప్పట్లు చింపి పసుపులో ముంచినవి. చెమట ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు అనే లెక్క లేదు. ఎవరి భుజం కనబడితే వాళ్ళ భుజం తడుపుతున్నాం. మొహం చూస్తున్నాం, మెడ చూడడం లేదు.

జెమీమా కూడా కట్టుకుంది. కంటి అద్దం ఇంట్లో పెట్టి వచ్చింది. నిన్న కట్టుకున్న గుడ్డే ఇవాళా కట్టుకుందని గమనించాను. అంచున టీ మరక ఉంది.

నగరసభ నుంచి మనిషి వచ్చాడు. నీళ్ళు మీ వీధిలోనే ఎందుకు చాలడం లేదు, చెమట పట్టేవాళ్ళకు ముడి ఎందుకు, వృథా కాదా అని అడిగాడు. జవాబు దినచర్యలో రాయమన్నాడు. రాస్తున్నాను.

పందిరి పరిచాను. తూర్పు కొసన ఒక తడిక చిరిగింది, కుట్టాను. ఇవాళ బుల్లియ్య గారు భుజాన ముడి వేసుకుని ఇంట్లోంచి వచ్చి, వీధి ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి, పొగాకు కొనుక్కుని, తిరిగి ఇంటికెళ్ళారు.

కుండల్లో నీళ్ళు: మిగల్లేదు. పోశాం.